అరవైరెండో రాయి

నా పని చిన్నది.
పసుపు డబ్బా ఒకటి, నలుపు డబ్బా ఒకటి,
రెండు బ్రష్షులు, చేతులు తుడుచుకోను పాత పంచె ముక్క.
ఏర్పేడు దాటినాక కుడిపక్క
ప్లాను కాయితం చేతికిచ్చి
"పొద్దుగూకేలోగా నూటపద్దెనిమిది" అంటాడు మేనేజరు.
రాయికొక నంబరు.
వంగి లేచి, వంగి లేచి
కొండ మీద సామికి కూడా పెట్టనన్ని దండాలు
ఈ రాళ్ళకు పెట్టింటాను.

ఈ నేల నాకు కొత్తదేం కాదు.
మా మేనమామ గుర్రప్ప ఇక్కడ సెనిక్కాయ ఏసేవాడు.
ఆర్చి నిలబడిన చోటు దిన్నిచేను.
పిల్లల పార్కని బోర్డు పెట్టిన చోటు కుక్కలగుంట.
నలభై అడుగుల రోడ్డు పడినకాడ పొడుగుకయ్య,
ఈ మూల నుంచి ఆ మూలకు మడక పోయేలోపల
ఒక బీడీ అయిపోతాదనేవాడు.
ఇంకొకటి ఏడుపుకయ్య.
నీళ్ళు నిలుస్తాయి గదా, అందుకని ఆ పేరు అని మామ.
"కాదులేరా" అని అత్త, అంతే,
మళ్ళీ నోరు తెరిచేది కాదు.

అమ్మేటప్పుడు మామ ఏడవలేదు.
ఎకరా ధర విని నవ్వినాడు.
సున్నాలు నాలుగుసార్లు లెక్కపెట్టించినాడు నాతో.
బ్యాంకు అప్పు తీరింది, మోకాలికి ఆపరేషనయింది,
ఇప్పుడు ఆ మోకాలితో నడిచిపోను చేను లేదు.
నేనూ అబద్ధం చెప్పను,
మా పిల్ల నర్సింగు ఫీజు ఈ పసుపు డబ్బాలోదే.

మూడేండ్లలో మూడుసార్లు నంబర్లు మార్చినాను.
మొదట ఏడుకొండల్లో ఒక కొండ పేరు పెట్టినారు వెంచరుకు,
ఆ కంపెనీ మూతబడితే ఇంకో కొండ పేరు,
మొన్న మూడోది.
ఇంకా నాలుగు కొండలు మిగిలుండాయి.

ఆ మంగళవారం ఎండలో
కనకవల్లి వచ్చింది, చేతిలో లడ్డు కవరు,
కవర్లో కంతులు కట్టిన రసీదులు.
కల్యాణకట్టలో గుండ్లు గీస్తాదంట,
గుండుకింతని లెక్క.
ఎన్ని గుండ్లు గీస్తే ఒక అంకణమో ఆమెకే తెలుసు.
ముప్పై అంకణాలు కొనింది.
"అరవైరెండు యాడుందన్నా?"

యాడుందని చెప్పేది?
కంపచెట్లు ఏపుగా లేచిపోయినాయి,
సగం రాళ్ళు ఊర్లో గుడ్డలుతికే బండలైపోయినాయి,
వానకు రంగు పోయింది, ఉన్న రంగు మూడో లెక్కది,
ఆమె రసీదు మొదటి లెక్కది.
ఫోన్లో నీలం చుక్క చూపించింది,
చుక్క వంకలోకి పోయి నిలబడింది.

"నీ కాయితంలో గుండ్రంగా ఏమన్నా గీసిందా తల్లీ?"
మూలలో ఉండాది, అరిగిపోయిన సున్నా మాదిరి.
బాయి.
ఇంకేముంది!
"ఏడుపుకయ్య నీది. పడమటి గెనిమ,
బాయికాన్నించి మూడోది. రా."

కంప నరికి దారి చేసినాను.
ఆమె చెప్పులు విడిచింది.
కూర్చుని, అరచేత్తో మట్టిని నిమిరింది,
కత్తి పెట్టకముందు
తలలో సుడి యాడుందో ఎతికినట్టు.
చాలాసేపు ఎతికింది.
తర్వాత తల ఎత్తకుండానే అడిగింది,
"ఏడుపుకయ్య అని ఎందుకన్నా?"

మామ చెప్పింది చెప్పాలనా,
అత్త చెప్పనిది చెప్పాలనా.

"పునాది రెండడుగులు ఎత్తు ఏయించుకో" అన్నాను.

సరేనని తలాడించింది, వేళ్ళు మడిచి
ఏదో లెక్క ఏసుకునింది,
రెండడుగులకు ఎన్ని గుండ్లో.

కొత్త లెక్కలో అది నూటనాలుగు.
మేనేజరు చూస్తే తిడతాడు.
తిట్టనీ, ఒక రాయి దొర్లించుకొచ్చి నిలబెట్టి
పసుపు పూసి
నల్లగా అరవైరెండనే ఏసినాను.
రాత్రి డ్యూటీకి పోవాల, బస్సుకు టైమైందంటానే
ఆమె రాయి పక్కనే నిలబడింది.
ఆరు ఆరింది.
రెండు ఇంకా పచ్చిగా ఉండగానే
రోడ్డు మీద హారన్ కొట్టినారు.